రెండో కన్ను ఎవరి చేతిలో వుంది?

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేద్దాం. ఒక చేత్తో పెన్నును, మరో చేత్తో దాని టోపీని పట్టుకోండి. రెండు చేతులూ బాగా ముందుకు చాపండి. ఇప్పుడు ఒక కన్ను గట్టిగా మూసుకుని, టోపీని పక్కనుంచి తెచ్చి ఒక్క దెబ్బకు పెన్నుకు తొడగండి. గురి తప్పింది గదూ! టోపీ పెన్నుకు ముందునుంచో వెనకనుంచో వెళ్లిపోయి వుంటుంది. రెండు కళ్లూ తెరిచి మళ్లీ చేయండి. ఈసారి ఇట్టే తొడిగేస్తారు.

కారణం మీకు తెలిసిందే. మన కళ్ల మధ్య ఆరేడు సెంటీమీటర్ల ఎడం వుంది. కాబట్టి ఒకే వస్తువును ఎడమ కన్ను ఒక కోణంనుంచి, కుడి కన్ను మరో కోణంనుంచి చూస్తాయి. రెండు బొమ్మల మధ్య వుండే ఆ కాస్త తేడాను మెదడు పసిగట్టి, ఏది దగ్గర, ఏది దూరం అన్నది తేల్చుకుంటుంది. దీన్ని తేటతెల్లం చేసినవాడు ఛార్లెస్ వీట్‌స్టన్. విద్యుత్తు పాఠంలో వీట్‌స్టన్ బ్రిడ్జి వస్తుంది చూశారూ, ఆయనే! 1838లో, అంటే ఫొటోగ్రఫీ సంగతి లోకానికి ఇంకా వెల్లడి కాకముందే, ఆయన ఒక వస్తువును ఎడమ కంటికి కనిపించినట్టు ఒకటి, కుడి కంటికి కనిపించినట్టు ఒకటి, రెండు గీతల బొమ్మలు గీశాడు. రెండు అద్దాల సాయంతో ఏ కంటి బొమ్మను ఆ కంటికే చూపించాడు. చదునైన కాగితం మీది గీతలు లేచి నిలబడ్డాయి! ఆ పరికరానికి స్టీరియోస్కోప్ అని పేరు పెట్టాడు.

ఇదంతా పుస్తకాల్లో దొరికే సంగతే. నేను చెప్పదలచుకున్నది వేరే వుంది. ఇలాంటి జంట ఫొటోలో ఎన్ని వస్తువులున్నాయో లెక్కపెట్టండి. రెండు అంటారు మీరు. నా లెక్కలో మూడు. ఎడమ కంటి బొమ్మ ఒకటి, కుడి కంటి బొమ్మ ఒకటి. వాటిలో ఏది ఎక్కడ వుందో, ఏది ఏ కంటిదో చెప్పే కట్టుబాటు మూడోది. కంప్యూటరులో ఈ కట్టుబాటునే ఫైలు ఫార్మాట్ అంటారు. మొదటి రెండూ ఫొటో తీసినవాళ్ల సొత్తు. ఈ మూడోది ఎవరి సొత్తుగా వుండాలి? అందరి సొత్తుగా వుండాలన్నది నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

కంప్యూటరు లేని రోజులనుంచే మొదలుపెడదాం. వీట్‌స్టన్ పరికరం బల్లమీద పెట్టుకుని చూడాల్సినంత పెద్దది. స్కాట్లండుకు చెందిన డేవిడ్ బ్రూస్టర్ 1849లో అద్దాలకు బదులు కటకాలు వాడి, చిన్న పెట్టెలాంటి స్టీరియోస్కోప్ తయారుచేయించాడు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో విక్టోరియా రాణి దాన్ని చూసి ముచ్చటపడింది. ఇక జనం ఎగబడ్డారు. (ఈ బ్రూస్టరే అంతకుముందు కలైడోస్కోప్ కనిపెట్టాడు. దానికి 1817లో పేటెంటు కూడా తీసుకున్నాడు. అయినా ఊరంతా నకళ్లు చేసి అమ్ముకున్నారు, ఆయనకు మిగిలింది తక్కువే. తాళం వేసిన వాడికల్లా ధనం చేరుతుందనుకోవడం కూడా పొరపాటే!)

ఆ తర్వాత అమెరికాలోని బోస్టను నగరంలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే ఆయన ఈ పరికరం మీద మనసుపడ్డాడు. ఆయన డాక్టరు, హార్వర్డులో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఆచార్యుడు, పేరున్న రచయిత. పెట్టె ఎందుకు దండగ అనుకున్నాడు. ఒక పిడి, దానిమీద రెండు కటకాలు, వెలుతురు అడ్డుకునే ఒక తొడుగు, ముందుకు చాచిన చెక్క పట్టీ, ఆ పట్టీ మీద ముందుకూ వెనక్కూ జరిగే కార్డు నిలిపే తీగ. అంతే! 1861 ప్రాంతంలో ఇలా చవకైన, తేలికైన స్టీరియోస్కోప్ రూపొందింది. హోమ్స్ దానికి పేటెంటు తీసుకోలేదు. తీసుకోవడం తెలియక కాదు, కావాలనే వదిలేశాడు. ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చు.

ఏమైంది? బోస్టనులో జోసెఫ్ బేట్స్ అనే వ్యాపారి దాన్ని ఇంకొంచెం బాగుచేసి అమ్మాడు. ఆయన్ని చూసి ఇంకొందరు మొదలుపెట్టారు. ఆ చెక్క పట్టీలో పట్టే కార్డు, సుమారు 7 అంగుళాల పొడవు, మూడున్నర అంగుళాల ఎత్తు వుండేది, మామూలు కొలత అయిపోయింది. ఎడమ కంటి ఫొటో ఎడమపక్క, కుడి కంటి ఫొటో కుడిపక్క అంటించాలి. కట్టుబాటు మొత్తం అంతే! ఒక కంపెనీ కార్డు మరో కంపెనీ పరికరంలో పట్టేది. ఈజిప్టు పిరమిడ్లు, హిమాలయాలు, యుద్ధరంగాలు, బళ్లలో పాఠం చెప్పడానికి పనికొచ్చే దృశ్యాలు, అన్నీ ఆ కార్డుల మీదికి ఎక్కాయి. నూట అరవై ఏళ్ల కిందటి కార్డు ఈ రోజు మీ చేతికి వచ్చినా, రెండు భూతద్దాలూ ఒక అట్టముక్కా వుంటే చాలు, చూసేయగలరు. దాన్ని తయారుచేసిన కంపెనీ వుందా, మూతబడిందా అని అడగాల్సిన పనే లేదు.

దీనికి ఎదురు ఉదాహరణగా వ్యూమాస్టర్‌ను చూపిస్తారు కొందరు. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, గుర్తుండే వుంటుంది. కళ్లకు ఆనించుకుని పక్కనున్న మీట నొక్కితే బొమ్మ తర్వాత బొమ్మ వచ్చేది. 1939లో అమెరికాలో వచ్చింది. గుండ్రటి అట్ట బిళ్ల అంచున 14 చిన్న ఫిలిం ముక్కలు, అంటే 7 జంటలు. ఇది హోమ్స్ పరికరంలాంటిది కాదు, ఒక కంపెనీ సొత్తు. అయినా తొలి బిళ్లలు ఇప్పటికీ చక్కగా కనిపిస్తాయి గదా, కంపెనీ సొత్తయితే వచ్చిన నష్టమేమిటని వాళ్ల వాదన.

నష్టం లేకపోవడానికి కారణం కంపెనీ మంచితనం కాదు, ఫిలిం మంచితనం. వ్యూమాస్టర్ విరిగిపోయిందనుకోండి. బిళ్లను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే చిన్న బొమ్మలు కంటికి కనిపిస్తాయి. ఎదురెదురుగా వున్న రెండూ జంట అని పది నిమిషాల్లో పోల్చుకోవచ్చు. కాగితానికీ ఫిలింకూ ఆ గుణం వుంది, తమను తామే చదివి వినిపిస్తాయి. కంప్యూటరు ఫైలు అలా కాదు. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కనిపించేది ఏమీ లేదు. లోపల వున్నవి 0 నుంచి 255 వరకు అంకెలు, లక్షల కొద్దీ అంకెలు. ఏ అంకె ఏమిటో చెప్పే కాగితం లేకపోతే అది బొమ్మో పాటో కూడా తెలియదు. అందుకే కార్డుల కాలంలో చిన్న విషయంగా చెల్లిపోయినది ఫైళ్ల కాలంలో పెద్ద విషయం అయి కూర్చుంది.

ఇక మన కాలానికి వద్దాం. 2009లో జపానుకు చెందిన ఫ్యూజీఫిల్మ్ కంపెనీ ముందువైపు రెండు కటకాలున్న డిజిటల్ కెమెరా ఒకటి తెచ్చింది. పేరు ఫైన్‌పిక్స్ రియల్ 3డి డబ్ల్యు1. కటకాల మధ్య దూరం 7.7 సెంటీమీటర్లు. మీట ఒకసారి నొక్కితే రెండు ఫొటోలు ఒకేసారి పడతాయి. మరి ఈ రెంటినీ ఏ ఫైల్లో పెట్టాలి? కంపెనీ తన సొంత రహస్య పద్ధతి ఒకటి కల్పించుకోవచ్చు. అలా చేయలేదు. జపాను కెమెరా తయారీదార్ల సంఘం అదే 2009లో ప్రకటించిన ఎం.పి.ఓ. అనే ఫార్మాట్‌ను వాడింది. దాని వివరాలు సంఘం అచ్చు వేసి బయట పెట్టింది. ఎవరైనా చదువుకోవచ్చు.

ఎం.పి.ఓ. ఫైలు లోపల ఏముందో తెలిస్తే మీకు నవ్వొస్తుంది. రెండు మామూలు జేపెగ్ ఫొటోలు ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా! జేపెగ్ అంటే మన ఫోన్లలో సర్వసాధారణంగా వుండే ఫొటో ఫార్మాటే. ప్రతి జేపెగ్ ఫొటో 255, 216 అనే రెండు అంకెలతో మొదలై, 255, 217 అనే రెండు అంకెలతో ముగుస్తుంది. ఎం.పి.ఓ.లో మొదటి ఫొటో లోపల ఒక చిన్న విషయసూచిక అదనంగా వుంటుంది. మొత్తం ఎన్ని బొమ్మలున్నాయి, రెండో బొమ్మ ఎన్నో అంకె దగ్గర మొదలవుతుంది, దాని పొడవెంత అని అందులో రాసి వుంటుంది.

ఒకవేళ ఆ విషయసూచిక పాడైపోయినా ఫరవాలేదు. ఫైలులోని అంకెలను చూపించే ఉచిత ప్రోగ్రాములున్నాయి. అంకెల మధ్య 255, 216 ఎక్కడ మళ్లీ వస్తుందో వెతికి, అక్కడనుంచి చివరిదాకా కత్తిరించి వేరే ఫైలుగా దాచుకుంటే కుడి కంటి ఫొటో చేతికి వచ్చినట్టే. ఒక్క జాగ్రత్త. కెమెరాలు ఫొటో లోపలే దాని చిన్న నకలు కూడా ఒకటి దాస్తాయి, అదీ 255, 216తోనే మొదలవుతుంది. మొదటి ప్రయత్నంలో గోరంత బొమ్మ వస్తే కంగారు పడకుండా ఇంకా ముందుకు వెతకండి. ప్రోగ్రాము రాయడం కాస్త వచ్చిన పదో తరగతి విద్యార్థి ఒక సెలవురోజులో చేయగల పని ఇది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు.

అలాగని ఎం.పి.ఓ.లో లోపం లేదని కాదు. మామూలు ఫొటో ప్రోగ్రాముకు ఈ ఫైలు ఇస్తే అది మొదటి బొమ్మ చదివి, 255, 217 రాగానే పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. తెరమీద ఎడమ కంటి ఫొటో మాత్రం కనిపిస్తుంది. మీరు దాని అంచులు కాస్త కత్తిరించి మళ్లీ దాచారనుకోండి, రెండో బొమ్మ శాశ్వతంగా పోతుంది. ఫోనులో సందేశంతో పాటు స్నేహితుడికి పంపినా చాలా యాప్‌లు ఫొటోను కుదించి పంపుతాయి, అక్కడా ఇదే గతి. హెచ్చరిక రాదు, శబ్దం రాదు. కుడి కన్ను మూసుకుపోయిందని ఎవరికీ తెలియదు! ఫార్మాట్ వివరాలు బహిరంగంగా వుండటం ఒక్కటే చాలదు. వాటిని చదివి ప్రోగ్రాములు రాసేవాళ్లకు శ్రద్ధ కూడా వుండాలి.

నింటెండో కంపెనీ 2011లో 3డిఎస్ అనే ఆటల యంత్రాన్ని అమ్మింది. దానికీ బయటవైపు రెండు కెమెరాలున్నాయి. జంట ఫొటోలను అదీ ఎం.పి.ఓ.లోనే దాచేది. 2020లో ఆ యంత్రం తయారీ ఆగిపోయింది. 2023లో దాని ఆటలు అమ్మే అంగడి మూసేశారు. 2024లో దాని ఆన్‌లైన్ ఆటల సేవ కూడా ఆగింది. యంత్రం కథ దాదాపు ముగిసింది. అయితే దాంతో పిల్లలు తీసుకున్న ఫొటోలు, పుట్టినరోజులవి, కుక్కపిల్లలవి, తాతయ్యలవి, ఇప్పటికీ ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటాయి. లోపల వున్నవి మామూలు జేపెగ్‌లే గదా!

ఇప్పుడు ఎదుటి ఒడ్డుకు వెళదాం. లైట్రో అనే అమెరికా కంపెనీ 2012లో ఒక వింత కెమెరా అమ్మకానికి పెట్టింది. ఇది అచ్చంగా రెండు కళ్ల కెమెరా కాదు గాని, జంట ఫొటోకు దగ్గర చుట్టమే. లోపల వేలకొద్దీ అతిచిన్న కటకాలుంటాయి. వెలుగు ఎంత పడిందనే కాక, ఏ దిక్కునుంచి వచ్చిందనేది కూడా అవి నమోదు చేస్తాయి. అందువల్ల ఫొటో తీశాక కూడా, ముందున్న పువ్వు స్పష్టంగా కనిపించాలా, వెనకనున్న మనిషి స్పష్టంగా కనిపించాలా అని మనం మార్చుకోవచ్చు. చూసే కోణాన్ని కొద్దిగా అటూ ఇటూ జరపవచ్చు. అద్భుతమైన ఊహ! సందేహం లేదు.

కాని ఆ ఫైళ్లు కంపెనీ సొంత ఫార్మాట్‌లో వుండేవి. తెరవాలంటే కంపెనీ ప్రోగ్రాము కావాలి. ఆ బొమ్మలను నలుగురికీ కదిలే విధంగా చూపించాలంటే కంపెనీ నడిపే వెబ్‌సైటులో పెట్టాలి. 2017 నవంబరు 30న ఆ వెబ్‌సైటు మూతబడింది. 2018 మార్చిలో కంపెనీయే ముగిసింది. ఎవరో రహస్యంగా మోసం చేశారని నేననడం లేదు. వ్యాపారాలన్నాక మూతబడుతుంటాయి. కాని ఆ మనుషుల ఫొటోల సంగతి? కొందరు ఔత్సాహికులు చీకట్లో తడుముకున్నట్టు అంకెలు పరిశీలించి ఫైలు నిర్మాణాన్ని చాలావరకు కనిపెట్టారు. వాళ్ల పుణ్యమా అని కొంత పని జరుగుతోంది. తన ఫొటోను తాను తెరవడానికి ఇంత పరిశోధన అవసరమవడం నాకు న్యాయంగా కనిపించదు.

బహిరంగం, రహస్యం అని రెండే రకాలనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. మూడో రకం కూడా వుంది. 2017నుంచి ఐఫోన్లు ఫొటోలను హీక్ అనే ఫార్మాట్‌లో దాస్తున్నాయి. జేపెగ్‌తో పోలిస్తే ఫైలు సుమారు సగం సైజులో వుంటుంది. 2024లో ఆపిల్ కంపెనీ తలకు తగిలించుకునే విజన్ ప్రో పరికరాన్ని తెచ్చింది. దానిలో చూసుకోవడానికి కొన్ని ఐఫోన్లు జంట ఫొటోలు కూడా ఇదే ఫార్మాట్‌లో తీస్తున్నాయి. ఈ ఫార్మాట్ రహస్యమేమీ కాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ అచ్చు వేసింది, జంట బొమ్మలను ఎలా జతపరచాలో కూడా అందులో వుంది. కాని బొమ్మను కుదించే పద్ధతి మీద ఎన్నో కంపెనీల పేటెంట్లున్నాయి. అంటే వంట ఎలా చేయాలో పుస్తకంలో రాసి వుంది, పొయ్యి వెలిగించాలంటే మాత్రం పదిమందికి అద్దె కట్టాలి. విండోస్ కంప్యూటర్లలో ఈ పద్ధతిని చదివే అదనపు భాగాన్ని చాలామంది చిన్న మొత్తమైనా చెల్లించి తెచ్చుకోవలసి వచ్చింది అందుకే.

ఇలాంటి అద్దెలు ఎప్పుడు ఎక్కడనుంచి వచ్చి పడతాయో చెప్పలేం. 1987లో వచ్చిన గిఫ్ అనే బొమ్మల ఫార్మాట్‌ను లోకమంతా హాయిగా వాడుకుంటూ వుండగా, అందులోని కుదింపు పద్ధతి పేటెంటు తమదనీ, ప్రోగ్రాములు తయారుచేసేవాళ్లు రుసుము కట్టాలనీ 1994 చివర్లో పిలుపు వచ్చింది. దాంతో ఒళ్లుమండిన ప్రోగ్రాము రచయితలు కలిసి మర్నాటి సంవత్సరమే పి.ఎన్.జి. అనే కొత్త ఫార్మాట్ తయారుచేసి అందరికీ ధారాదత్తం చేశారు. ఇవాళ మీరు కంప్యూటరులో చూసే బొమ్మల్లో ఎన్నో ఆ ఫార్మాట్‌లోనివే.

కంపెనీల తరఫున చెప్పవలసిన మాట కూడా చెప్పాలి. కొత్త పద్ధతి కనిపెట్టడానికి ఏళ్లు పడుతుంది, డబ్బు ఖర్చవుతుంది. సంఘాలు, సమితులు కూర్చుని అందరూ ఒప్పుకునే ప్రమాణం తయారయ్యేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. లైట్రో లాంటి కెమెరా ఏ సమితిలోనూ పుట్టి వుండేది కాదు. ఇది నిజమే, ఒప్పుకుంటాను. నాకు అభ్యంతరం ఒక్కచోటే. కెమెరా లోపల కటకాలు ఎలా అమర్చారు, బొమ్మను మెరుగుపరిచే లెక్కలేమిటి, ఇవి కంపెనీ దాచుకుంటే దాచుకోనీయండి. తీసిన ఫొటోను ఫైలులో ఎలా పేర్చారన్నది మాత్రం దాచకూడదు. కెమెరా వాళ్లది, ఫొటో మనది. సంచి కుట్టినవాడు సంచి కుట్టే నైపుణ్యం దాచుకోవచ్చు గాని, నా సంచీ మూతి ముడి ఎలా విప్పాలో నాకు చెప్పకపోతే ఎలా?

మన తెలుగువాళ్లకు ఈ బాధ కొత్తేమీ కాదు. కంప్యూటర్లమీద తెలుగు అచ్చు మొదలైన తొలిరోజుల్లో ఒక్కో కంపెనీ ఒక్కో ఫాంటు తయారుచేసి అమ్మింది. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ఒక డి.టి.పి. సెంటరులో టైపు చేసిన కథను పక్క వీధి సెంటరులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపించేవి. అలా టైపయిన కథలు, పద్యాలు, పెళ్లి శుభలేఖలు ఇప్పటికీ ఎన్నో పాత డిస్కుల్లో మూలుగుతున్నాయి. దీనికి విరుగుడు యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి ప్రతిలోనే తెలుగుకు చోటు దక్కింది. 'అ'కు 3077, 'క'కు 3093, ఇలా ప్రతి అక్షరానికీ ఒక అంకె, ప్రపంచమంతటా అదే అంకె. అందరూ ఆ దారికి రావడానికి ఏళ్లు పట్టింది గాని, ఈనాడు ఆదిలాబాదునుంచి అమెరికాకు తెలుగులో కబురు పంపితే అక్కడ తెలుగులోనే తెరుచుకుంటోంది. అక్షరాలకు జరిగిన మేలు జంట ఫొటోలకు కూడా జరగాలని కోరుకోవడం అత్యాశా?

ఎక్కువ కాలం ముందుకు చూడవలసినవాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. ఖగోళ శాస్త్రజ్ఞులు 1981లోనే ఫిట్స్ అనే ఫార్మాట్ ప్రకటించుకున్నారు. దానికి ఎన్ని మార్పులు చేసినా, పాత ఫైళ్లు చదవరాకుండా పోయే మార్పు మాత్రం చేయకూడదని కట్టడి పెట్టుకున్నారు. వాటికన్ గ్రంథాలయం తన ప్రాచీన చేతిరాత ప్రతుల డిజిటల్ నకళ్లు దాచడానికి ఆ నక్షత్రాల ఫార్మాట్‌నే ఎంచుకుంది! మన ఇస్రో కూడా చంద్రయాన్-2 పంపిన సమాచారాన్ని గ్రహ పరిశోధనలకోసం అంతర్జాతీయంగా వాడే బహిరంగ పద్ధతిలోనే అందరికీ అందుబాటులో పెట్టింది. మన దేశానికి జంట ఫొటోలతో అనుబంధం కూడా ఎక్కువే. శ్రీహరికోటనుంచి 2005 మే 5న ఎగిరిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలున్నాయి. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, మరొకటి 5 డిగ్రీలు వెనక్కు వాలి వుంటాయి. ముందు కెమెరా చూసిన నేలనే 52 సెకన్ల తర్వాత వెనక కెమెరా చూస్తుంది. ఉపగ్రహం రెండు కళ్లూ తెరవడమన్నమాట! కొండల ఎత్తులు ఆ జంట చిత్రాలనుంచే లెక్కకట్టారు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ఉదాహరణ. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడిమీద దిగింది. ఆగస్టు 30న ప్రజ్ఞాన్ బండి తన రెండు కళ్ల కెమెరాతో విక్రమ్ లాండర్‌ను ఫొటో తీసింది. సెప్టెంబరు 5న ఇస్రో దాన్ని ఎరుపు, ఆకాశ వర్ణాల త్రీడీ బొమ్మగా విడుదల చేసింది. ఎరుపు, ఆకాశ రంగు కాగితాలు అంటించిన కళ్లజోడుతో చూస్తే లాండరు చంద్రుడి నేలమీద లేచి నిలబడుతుంది. మీలో కొందరు చూసే వుంటారు. బొమ్మతో పాటు ఇస్రో ఒక చిన్న వివరం ఇచ్చింది. ఎడమ కంటి చిత్రాన్ని ఎరుపు భాగంలోనూ, కుడి కంటి చిత్రాన్ని ఆకుపచ్చ, నీలం భాగాల్లోనూ పెట్టామని.

ఆ ఒక్క వివరం ఎంత పని చేస్తుందో చూడండి. కంప్యూటరు తెరమీది ప్రతి రంగు బొమ్మా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పొరల కలయిక. జింప్ లాంటి ఉచిత ప్రోగ్రాములో ఆ పొరలను విడదీయవచ్చు. ఇస్రో బొమ్మను అలా విడదీస్తే ఎరుపు పొర ఎడమ కంటి ఫొటో, ఆకుపచ్చ పొర కుడి కంటి ఫొటో! ప్రజ్ఞాన్ కెమెరా నలుపు తెలుపుది కాబట్టి ఇది చక్కగా కుదురుతుంది. కుదింపువల్ల కాస్త మసక రావచ్చు. (మామూలు రంగు ఫొటోలతో చేసిన ఎరుపు, ఆకాశ వర్ణపు బొమ్మనుంచి పూర్తి రంగుల జంటను వెనక్కు తేలేం. అక్కడ రంగు సగం ముందే పోయి వుంటుంది.) ఎవరూ దాచకపోవడంవల్ల, చంద్రుడిమీద ఒక యంత్రం రెండు కళ్లతో చూసినదాన్ని మీ బడి కంప్యూటరులో మీరు మళ్లీ రెండు కళ్లుగా విడదీయగలుగుతున్నారు. నన్నడిగితే ఆ రెండు వేర్వేరు ఫొటోలను కూడా బొమ్మ పక్కనే పెట్టి వుంటే ఇంకా బాగుండేది.

ప్రభుత్వ కంప్యూటరు పనుల్లో రుసుము లేని బహిరంగ ప్రమాణాలే వాడాలని 2010లోనే కేంద్ర ప్రభుత్వం విధానం ప్రకటించింది. మ్యూజియాల్లో శిల్పాలను, కోటలను, గుడులను త్రీడీలో దాచే పనులకు కూడా ఇదే నియమం గట్టిగా వర్తింపజేయాలి. ఇక కెమెరాలు, ఫోన్లు అమ్మే కంపెనీలు తమ ఫార్మాట్ ఏదైనా సరే, 'రెండు మామూలు ఫొటోలుగా విడదీసి ఇవ్వు' అనే మీట ఒకటి తప్పనిసరిగా పెట్టాలి. ఇది కష్టమైన పని కాదు, కొత్త ఖర్చూ కాదు.

అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. జంట ఫొటోకు రెండు కటకాల కెమెరా అక్కర్లేదు. కదలని వస్తువును, ఒక గోపురాన్నో చెట్టునో ఎంచుకోండి. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడి, బరువంతా ఎడమ కాలిమీద వేసి ఒక ఫొటో తీయండి. అలాగే కుడి కాలిమీదికి ఒరిగి రెండోది తీయండి. ఫోను ఆరేడు సెంటీమీటర్లు పక్కకు జరిగితే చాలు, పైకీ కిందకీ వాలకూడదు. రెంటినీ మామూలు జేపెగ్ ఫైళ్లుగానే దాచి, పేర్ల చివర 'ఎడమ', 'కుడి' అని తప్పకుండా రాయండి. రాయకుండా ఏడాది తర్వాత తెరిచారో, ఏది ఏదో మీకే తెలియదు. అవి తారుమారైతే దగ్గరివి దూరంగా, దూరంవి దగ్గరగా కనిపిస్తాయి. గోపురం గొయ్యిలోకి దిగిపోతుంది!